ఆ తీగకు బరువెక్కదా?

గత సంచికలో ఈ శీర్షిక క్రింద నేను వ్రాసిన ఒక వాక్యాన్ని ఈ నెల వెనక్కి తీసుకుంటున్నాను. భూమి చుట్టూ తిరుగుతున్న వాహనం నుండి కిలోమీటర్ల పొడవైన లోహపు తీగను వ్రేలాడదీస్తే అందులో విద్యుత్తు పుడుతుందని చెబుతూ, ఇంధనం అక్కరలేని, ఖర్చు లేని, సృష్టికర్త ఉచితంగా ప్రసాదించిన తరగని విద్యుత్తు అది అని వ్రాశాను. తీగలో విద్యుత్తు పుట్టడం నిజం. అది ఉచితమన్నది, తరగనిదన్నది తప్పు.

ఆ తప్పును పట్టుకున్నవారు శాస్త్రవేత్త కారు. ఒక చిన్న పట్టణంలో నలభై ఏళ్ళపాటు సైకిల్ షాపు నడిపి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న పెద్దమనిషి. మనుమరాలి చేత పత్రికను చదివించుకుని, ఆమె చేతనే ఉత్తరం వ్రాయించారు. అందులోని ముఖ్యభాగం ఇది:

"అస్సలాము అలైకుమ్. ఫజ్ర్ నమాజుకు నేను చీకట్లో సైకిల్ మీదే వెళ్ళేవాణ్ణి. డైనమోను టైరుకు ఆనించగానే తొక్కడం బరువెక్కేది. దీపం వెలగాలంటే ఆ బరువు తొక్కాల్సిందే. తీసేస్తే మళ్ళీ తేలిక. మీరు చెప్పిన ఆకాశం తీగకు బరువెక్కదా? ఎక్కకపోతే ఎందుకు ఎక్కదు? ఎక్కితే అది ఉచితం ఎట్లా అవుతుంది? అడిగినందుకు తప్పుగా అనుకోవద్దు."

తప్పుగా అనుకోవడానికి ఏమీ లేదు. ఈ ప్రశ్నను వ్రాయడానికి ముందే నాకు నేను వేసుకుని ఉండవలసింది. పైగా ఆ వాక్యాన్ని నేను ఎందుకు వ్రాశానో కూడా నాకు తెలుసు. అల్లాహ్ సృష్టిలోని అద్భుతాన్ని పాఠకుల ముందు పెట్టాలన్న ఉత్సాహంలో, ఉన్నదానికి లేనిది కలిపాను. స్తోత్రం చేయడానికి అసత్యం అవసరం లేదు. ఆ సంగతి ఇతరులకు చెప్పే స్థానంలో ఉండి నేనే మరచిపోయాను.

అయితే క్షమాపణ ఒక్కటే ఆ ఉత్తరానికి జవాబు కాదు. వారు అడిగినది "ఎందుకు" అని. అందుచేత ఈ నెల శీర్షిక అంతా వారి మూడు ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ముందుగా, తీగలో విద్యుత్తు ఎలా పుడుతుంది? మన ఇళ్ళలో ఖిబ్లా దిశను తెలుసుకోవడానికి వాడే చిన్న దిక్సూచిని తలచుకోండి. దాని ముల్లు ఉత్తర దక్షిణాలు చూపుతుంది, దానిని బట్టి మనం పడమటికి కొంచెం ఉత్తరంగా తిరిగి నిలబడతాం. ఆ ముల్లును త్రిప్పుతున్నది భూమి అయస్కాంత క్షేత్రం. అది ఎంతో బలహీనమైనది. ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న అయస్కాంతం తన సమీపంలో దానికి దాదాపు వందరెట్ల బలం చూపుతుంది. కానీ ఆ బలహీనమైన క్షేత్రం భూమి ఉపరితలంతో ఆగిపోదు. మూడు వందల కిలోమీటర్ల ఎత్తున కూడా అది పెద్దగా తగ్గదు.

1831లో మైకేల్ ఫారడే లండన్‌లో ఒక సత్యాన్ని నిరూపించాడు. అయస్కాంత క్షేత్రాన్ని అడ్డంగా కోస్తూ లోహం కదిలితే, ఆ లోహంలో విద్యుత్ పీడనం ఏర్పడుతుంది. మనం దానినే వోల్టేజీ అంటున్నాం. పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనివాడుగా జీవితం మొదలుపెట్టిన మనిషి ఆయన. ఈ ఆవిష్కరణ జరిగిన కొద్ది నెలలకే, 1832 ఆరంభంలో, ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. అయస్కాంతం మనం తయారు చేసినదే ఎందుకు కావాలి, భూమి అయస్కాంతం చాలదా? లోహమే ఎందుకు కదలాలి, ప్రవహించే నదీజలం చాలదా? థేమ్స్ నదిపైనున్న వాటర్లూ వంతెన పొడవునా రాగి తీగ పరచి, రెండు చివరలా లోహపు పలకలను నీటిలోకి దించి, సూచికలో కదలిక కోసం కనిపెట్టుకుని కూర్చున్నాడు. నమ్మదగిన ఫలితం రాలేదు. నది వేగం చాలదు, ఇతర కారణాల వల్ల పుట్టే చిన్న చిన్న విద్యుత్తులు లెక్కను చెడగొట్టాయి. ఆలోచన మాత్రం సరైనదే. దానికి కావలసింది చాలా పొడవైన తీగ, నదికంటే ఎన్నో వేల రెట్ల వేగం.

ఆ వేగం కక్ష్యలో ఉంది. సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున తిరిగే వాహనం సెకనుకు 7.7 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దాని నుండి నిలువుగా సాగదీసిన తీగ ప్రతి క్షణం భూమి అయస్కాంత రేఖలను కోస్తూ పోతుంది. లెక్క చాలా సులభం. వేగాన్ని, తీగ పొడవును, క్షేత్ర బలాన్ని గుణిస్తే వోల్టేజీ వస్తుంది. అన్నీ అనుకూలంగా ఉంటే కిలోమీటరు తీగకు సుమారు 200 వోల్టులు. ఇరవై కిలోమీటర్ల తీగకు నాలుగు వేలకు పైగా. తీగ నిలువుగా ఎలా నిలుస్తుందని సందేహం రావచ్చు. తీగ పై చివరన ఒక బరువు ఉంటే, భూమికి దూరంగా ఉన్న ఆ బరువు ఇంకా దూరంగా పోవాలని చూస్తుంది, క్రింద ఉన్న వాహనం క్రిందికి లాగుతుంది. ఆ పెనుగులాటలో తీగ బిగిసి దానంతట అదే నిలువుగా నిలబడుతుంది.

కానీ వోల్టేజీ ఉన్నంత మాత్రాన విద్యుత్తు ప్రవహించదు. పోయిన విద్యుత్తు తిరిగి రావడానికి దారి కావాలి. ఇక్కడ అసలు చిక్కు ఉన్నది. పై చివర నుండి క్రిందికి మరొక తీగ వేసి వలయం పూర్తి చేద్దామా అంటే కుదరదు. ఆ రెండవ తీగ కూడా అదే వేగంతో అదే క్షేత్రాన్ని కోస్తుంది, దానిలోనూ సరిగ్గా అంతే వోల్టేజీ పుడుతుంది. ఒకే బండికి ముందొక ఎద్దును, వెనుకొక ఎద్దును కట్టినట్లు, రెండూ సమానంగా ఎదురెదురుగా లాగితే బండి కదలదు.

మన పెద్దమనిషి ఈ చిక్కుకు పరిష్కారాన్ని నలభై ఏళ్ళు చేతులతో ముట్టుకుని చూశారు. పాత సైకిల్ డైనమో నుండి ముందు దీపానికి వెళ్ళేది ఒక్క తీగే. రెండవ తీగ కనబడదు. తిరుగు దారి సైకిల్ చట్రమే. కక్ష్యలోని తీగకు అటువంటి చట్రం అయనావరణం. సూర్యకిరణాల తాకిడికి పైవాతావరణంలోని అణువుల నుండి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, విద్యుత్తును మోయగల పలుచని వాయువుగా మారిన పొర అది. ఒకప్పుడు మన ఇళ్ళలో షార్ట్‌వేవ్ రేడియోలో దూరదేశాల కేంద్రాలు వినిపించాయంటే, తరంగాలను క్రిందికి త్రిప్పి పంపినది ఈ పొరే. తీగ పై చివరనున్న లోహపు గోళం ఈ పొర నుండి ఎలక్ట్రాన్లను గ్రహిస్తుంది. అవి తీగ గుండా వాహనంలోకి దిగి, అక్కడ పని చేసి, ఎలక్ట్రాన్ గన్ అనే పరికరం ద్వారా మళ్ళీ ఆ పొరలోకే వెళ్ళిపోతాయి. వలయం పూర్తయింది. తీగతో పాటు కదలని తిరుగు దారి దొరికింది కాబట్టి విద్యుత్తు ప్రవహిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. బరువెక్కదా?

ఎక్కుతుంది. తప్పకుండా ఎక్కుతుంది. విద్యుత్తు ప్రవహిస్తున్న తీగ అయస్కాంత క్షేత్రంలో ఉంటే దానిపై ఒక బలం పనిచేస్తుంది. ఆ బలం ఎల్లప్పుడూ, విద్యుత్తు పుట్టడానికి కారణమైన కదలికకు ఎదురుగానే ఉంటుంది. 1834లో హెన్రిక్ లెంజ్ చెప్పిన నియమం ఇదే. మన పిల్లలు పదవ తరగతి భౌతికశాస్త్రంలో దీనిని కంఠస్థం చేసి, పరీక్షలో వ్రాసి, మరుసటి రోజుకు మరచిపోతున్నారు. వారిని అని ఏమి ప్రయోజనం, నేనూ మరచిపోయాను కదా.

ఎంత బరువు ఎక్కుతుంది? ఇరవై కిలోమీటర్ల తీగలో ఒక ఆంపియరు విద్యుత్తు ప్రవహిస్తున్నదనుకుందాం. లెక్క కడితే ఎదురు బలం సుమారు 0.6 న్యూటన్లు వస్తుంది. అంటే అరచేతిలో పెట్టుకున్న కోడిగుడ్డు బరువంత. ఇంతేనా అనిపించవచ్చు. కానీ ఆ గుడ్డంత బరువును సెకనుకు 7.7 కిలోమీటర్ల వేగంతో తోసుకుంటూ పోవాలి. బలాన్ని వేగంతో గుణిస్తే 4,600 వాట్లు. తీగ నుండి మనకు రాగల శక్తి కూడా, వోల్టేజీని ఆంపియరుతో గుణిస్తే, సరిగ్గా అంతే. 75 వాట్ల ఫ్యాన్లు అరవై తిరుగుతాయి. ఒక పెద్ద మస్జిద్‌కు సరిపోతుంది. నిజానికి అందులో కొంత తీగ వేడెక్కడానికి, కొంత అయనావరణంతో జరిగే లావాదేవీకి పోతుంది గనుక మన చేతికి వచ్చేది ఇంకా తక్కువ. ఇచ్చినదాని కంటే ఎక్కువ ఒక్క వాటు కూడా రాదు.

ఇచ్చేది ఎవరు? సైకిలుపై అయితే కాళ్ళు. కక్ష్యలో కాళ్ళు లేవు, పెడలు లేదు. అక్కడ చెల్లింపు ఎత్తు రూపంలో జరుగుతుంది. వాహనం మెల్లమెల్లగా భూమి వైపు దిగుతుంది. నూరు టన్నుల వాహనం పైన చెప్పిన గుడ్డంత బలాన్ని రోజంతా భరిస్తే సుమారు 900 మీటర్ల ఎత్తు కోల్పోతుంది. (విచిత్రమేమంటే అలా దిగిన వాహనం మునుపటి కంటే కొంచెం వేగంగానే తిరుగుతుంది. క్రింది కక్ష్యల లక్షణం అది. కాబట్టి వేగం తగ్గలేదు గనుక నష్టం లేదని ఎవరైనా వాదిస్తే వారిని ఎత్తు ఎంతో అడగండి.) ఆ ఎత్తు మొదట ఎక్కడిది? రాకెట్ ఇంధనం మండితే వచ్చినది. నేను ఇంధనం అక్కరలేదని వ్రాశాను. ఇంధనం ముందే కాలిపోయింది, నేను దానిని లెక్కలో వేయలేదు. పెద్దలు కట్టించిన ఇంటిని గది తరువాత గది అమ్ముకుంటూ, నా సంసారానికి ఖర్చే లేదు అని చెప్పుకున్నట్లుంది నా వాక్యం.

మరి ఆ విద్య పనికిరానిదా అంటే కాదు. దానిని తలక్రిందులు చేయవచ్చు. సౌర ఫలకాల నుండి వచ్చే విద్యుత్తును తీగలోకి ఎదురు దిశలో పంపితే, అదే అయస్కాంత క్షేత్రం వాహనాన్ని ముందుకు తోస్తుంది, ఎత్తు పెరుగుతుంది. డైనమో మోటారుగా మారుతుంది. మన శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. నీరు క్రిందికి దిగేటప్పుడు అవి విద్యుత్తునిస్తాయి, మిగులు విద్యుత్తు ఉన్నప్పుడు అవే నీటిని పైకి తోడగలవు. కక్ష్యలోని తీగ కూడా అటువంటిదే. ఎండ ఉన్న సమయంలో ఎత్తును దాచుకుని, భూమి నీడలోకి వెళ్ళినప్పుడు ఆ ఎత్తును కొంచెం ఖర్చు చేసుకోవచ్చు. 1993లో 500 మీటర్ల చిన్న తీగతో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా జరిపిన ప్రయోగంలో ఈ రెండు విధాలూ పనిచేయగలవని తేలింది.

పెద్ద ప్రయోగం కథ వేరు. దీనిని గత సంచికలో ఒక్క వాక్యంతో దాటవేశాను, అదీ పొరపాటే. ఇటలీ శాస్త్రజ్ఞులు జుసెప్పె కొలంబో, మారియో గ్రోసీ ఎంతో కాలంగా ప్రతిపాదిస్తూ వచ్చిన ఆలోచనను ఇటలీ అంతరిక్ష సంస్థ, నాసా కలిసి చేపట్టాయి. 1992లో అట్లాంటిస్ షటిల్ నుండి ఒక గోళాకార ఉపగ్రహాన్ని తీగ కట్టి పైకి వదిలారు. ఇరవై కిలోమీటర్లు సాగవలసిన తీగ సుమారు 260 మీటర్ల వద్ద ఆగిపోయింది. తీగ విప్పే యంత్రంలో చివరి దశలో చేసిన మార్పు వల్ల పొడుచుకు వచ్చిన ఒక బోల్టు దారికి అడ్డం పడింది. ఏళ్ళ కృషిని ఒక బోల్టు ఆపింది. సైకిల్ షాపులో పనిచేసినవారికి ఇది వింతగా తోచదు.

నాలుగేళ్ళ తరువాత మళ్ళీ ప్రయత్నించారు. 1996లో ఈదుల్‌ఫిత్ర్ ముగిసిన ఆ వారంలోనే, ఫిబ్రవరి 22న కొలంబియా షటిల్ బయలుదేరింది. 25వ తేదీన తీగను వదలడం మొదలుపెట్టారు. మందం రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. లోపల రాగి తీగలు, వాటిపై టెఫ్లాన్ తొడుగు, దానిపై బలం కోసం కెవ్లార్ దారాల అల్లిక. ఐదు గంటలపాటు అది నిరాటంకంగా సాగింది. 19.7 కిలోమీటర్ల వరకు వచ్చింది. మిగిలినది ఒక్క కిలోమీటరు. వోల్టేజీ 3,500కు చేరింది. విద్యుత్తు అప్పటి సిద్ధాంతాలు ఊహించిన దానికి రెండు మూడు రెట్లు అధికంగా ప్రవహించింది. అయనావరణం ఎలక్ట్రాన్లను ఇవ్వడంలో లెక్కలలో అనుకున్నదానికంటే ఉదారంగా ఉన్నట్లు తేలింది. ఆ ఫలితాలు రికార్డవుతుండగానే తీగ షటిల్ దగ్గరి చివర తెగిపోయింది.

తెగడానికి కారణం లాగుడు కాదు. ఆ క్షణాన తీగపై ఉన్న లాగుడు అది భరించగల దానిలో చిన్న భాగమే. విచారణలో తేలినదేమంటే, టెఫ్లాన్ తొడుగుకు ఎక్కడో ఒక సూదిమొన అంత చిల్లు పడింది. తయారీలో లోపం వల్లనో, యంత్రంలో మిగిలిన లోహపు రజను గుచ్చుకునో అది జరిగి ఉండాలి. ఆ చిల్లు ఉన్న భాగం షటిల్ లోహపు భాగాల ప్రక్కగా వచ్చినప్పుడు, తొడుగు లోపల చిక్కుకున్న గాలి ఆ రంధ్రం గుండా బయటికి వచ్చి, ఆ వోల్టేజీకి మండే వాయువుగా మారింది. మెరుపు వంటి నిప్పురవ్వల ధార ఏర్పడింది. అది కొన్ని సెకన్లపాటు ఆగకుండా కాలి కెవ్లార్ దారాలను మాడ్చివేసింది. చివరికి మిగిలిన కొద్దిపాటి పోగులు ఆ స్వల్పమైన లాగుడుకే తెగాయి. డైనమో తీగపై తొడుగు ఒరుసుకుపోయి చట్రానికి తగిలితే ఏమవుతుందో మన పెద్దమనిషిని అడగండి. 6 వోల్టులు, 3 వాట్ల డైనమో గనుక అక్కడ దీపం ఆరిపోతుంది, అంతే. ఇక్కడ 3,500 వోల్టులు. తీగ తాను పుట్టించిన విద్యుత్తుకే ఆహుతి అయింది.

తెగిన తీగను షటిల్ కెమెరాలు చిత్రీకరించాయి. తెల్లని గీత వలె మెరుస్తున్న తీగ, దాని చుట్టూ ఈదుతున్నట్లు కనిపించే గుండ్రని ఆకారాలు. ఆ దృశ్యం నేటికీ ఫోన్ల ద్వారా ఇంటింటికీ తిరుగుతున్నది. కొందరు వాటిని ఇతర గ్రహాల వాహనాలన్నారు, మన వాళ్ళలో కొందరు జిన్నులని వ్యాఖ్యానం జోడించి పంపుతున్నారు. జిన్నుల ఉనికిని మనం విశ్వసిస్తాము. అందుకే ఆ పేరును ఇంత చౌకగా వాడరాదు. అవి కెమెరాకు అతి సమీపంలో తేలుతున్న మంచు రేణువులు, వాహనం నుండి రాలిన చిన్న తునకలు. దూరంలోని తీగపై దృష్టి నిలిపిన కటకానికి దగ్గరి రేణువులు మసకబారి పళ్ళేల వలె కనిపిస్తాయి. వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించమని సూరా హుజురాత్‌లో మనకు ఉన్న ఆదేశం ఫోనులో వచ్చే దృశ్యాలకు వర్తించదని ఎవరూ అనలేరు. ఈ శీర్షికలో వచ్చే వాక్యాలకూ వర్తిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. గత సంచికను చదివిన మిత్రుడొకరు, ఈ తీగ సంగతి ఖుర్‌ఆన్‌లో ముందే ఉన్నదని చూపే ఆయతును వెదికి వ్రాయమని నన్ను కోరారు. ఆ సాహసం నేను చేయను. గ్రంథాన్ని ప్రయోగశాల వెనుక పరుగెత్తించడం గ్రంథానికి గౌరవం కాదు. నాలుగేళ్ళ తరువాత ప్రయోగం తప్పని తేలితే ఏమి చేస్తాము? అయితే సూరా అర్రహ్మాన్ పారాయణం జరిగే ప్రతి ఇంటా "మీజాన్" అన్న పదం అందరికీ తెలుసు. త్రాసు, తూనిక, సమతూకం. నేను త్రాసులో ఒక పళ్ళేన్నే చూసి "ఉచితం" అన్నాను. రెండవ పళ్ళెంలో కోడిగుడ్డంత బరువు ఉన్నదని, దానిని మోసేది కక్ష్య ఎత్తు అని చూడలేదు. అనుగ్రహం వేరు, ఉచితం వేరు. వర్షం అనుగ్రహమే. చేను దున్నే రైతుకు అది ఉచితమని ఎవరూ చెప్పరు.

ఒకసారి అచ్చయిన మాటను మార్చుకోవడం పరువు తక్కువ అని భావించేవారున్నారు. ఇమామ్ షాఫయీ (రహ్మ) బాగ్దాదులో ఉన్నప్పుడు చెప్పిన అభిప్రాయాలలో కొన్నింటిని ఈజిప్టుకు వెళ్ళిన తరువాత మార్చుకున్నారు. ఆయన అనుయాయులు రెండింటినీ దాచకుండా, పాతవి ఖౌలె ఖదీమ్ అని, కొత్తవి ఖౌలె జదీద్ అని ఫిఖ్హ్ గ్రంథాలలో నమోదు చేశారు. అంతటివారితో పోల్చుకునే ధైర్యం నాకు లేదు. పాత సంచికను భద్రపరచుకునే పాఠకులు దాని అంచున ఈ నెల పుట సంఖ్యను పెన్సిలుతో వ్రాసి ఉంచుకోవాలని మాత్రం కోరుతున్నాను.

ఆ తరువాత ఈ విద్య ఏమయింది? విద్యుత్తు కోసం తీగలు వ్రేలాడదీయడం పెద్దగా సాగలేదు. సౌర ఫలకాలు చౌకగా, నమ్మకంగా ఉన్నాయి. ఆశ్చర్యమేమంటే, ఇప్పుడు శాస్త్రజ్ఞులను ఆకర్షిస్తున్నది తీగ ఇచ్చే విద్యుత్తు కాదు, అది మోపే బరువు. కక్ష్యలో పనికిరాని ఉపగ్రహాలు, రాకెట్ తునకలు వేల సంఖ్యలో పేరుకుపోయాయి. వాటిని దించడానికి ఇంధనం మోసుకుపోవడం కష్టం. ఒక తీగను కట్టి వదిలితే ఆ ఎదురు బలమే వాటిని నెమ్మదిగా క్రిందికి లాగుతుంది. ఏ నష్టాన్ని నేను చూడలేదో అదే వారికి లాభం. 2017 ఆరంభంలో జపాన్ అంతరిక్ష సంస్థ తన కౌనోతోరి సరుకుల వాహనం నుండి 700 మీటర్ల తీగను విప్పి దీనిని పరీక్షించాలనుకుంది. తీగ విప్పుకోలేదు. అక్కడ కూడా కథ తీగ చుట్ట దగ్గరే ఆగింది. అంతరిక్షంలో తీగల చరిత్ర చదువుతుంటే, సిద్ధాంతం ఓడిపోయిన సందర్భాలకంటే చుట్ట, బోల్టు, తొడుగు ఓడించిన సందర్భాలే ఎక్కువగా కనబడతాయి.

ఉత్తరం చివర, మనుమరాలు తన తరఫున ఒక ప్రశ్న చేర్చింది. గత సంచికలో తీగ తెగిందని చెప్పి వదిలేశారు, ఆ తెగిన తీగ ఎక్కడ పడింది అని.

అమ్మా, అది వెంటనే పడలేదు. షటిల్‌కు పైన ఉన్న ఉపగ్రహం, పట్టు విడిచిన వెంటనే తీగను వెంటబెట్టుకుని మరింత పై కక్ష్యలోకి పోయింది. కొన్ని వారాలపాటు భూమి చుట్టూ తిరిగింది. అంత పొడవైన తీగకు పలుచని గాలి తాకిడి కూడా ఎక్కువే గనుక, నెమ్మదిగా ఎత్తు తగ్గి, చివరికి వాతావరణంలో కాలిపోయింది. ఈలోగా సూర్యోదయానికి ముందూ, సూర్యాస్తమయం తరువాతా, నేల మీద చీకటి ఉండి పైన ఎండ ఉన్న సమయాలలో, దానిని మామూలు కళ్ళతోనే చూసినవారున్నారు. మిగిలిన ఉపగ్రహాలు చుక్కల వలె కదులుతాయి. ఇది మాత్రం సన్నని వెలుగు గీత. దాని మార్గం భూమధ్యరేఖకు ఉత్తరాన, దక్షిణాన 28 డిగ్రీల అక్షాంశం దాకా సాగేది గనుక తెలుగు నేల కూడా దాని క్రిందనే ఉండింది. 1996 ఫిబ్రవరి చివరన, మార్చి ఉదయాలలో, ఫజ్ర్‌కు సైకిలుపై వెళ్తూ మీ తాతగారు ఎప్పుడైనా తల ఎత్తి ఆకాశంలో అటువంటి గీతను చూశారేమో అడిగి, నాకు వ్రాయగలవు.